డ్రమ్ము మీది పేరు

గేటు దగ్గర కాపలావాడు విజయమ్మను రెండు చేతులతో నెట్టేశాడు. పర్వతాలు కళ్ళారా చూశాడు. ఆ ఆదివారం సికింద్రాబాద్‌లోని సేద్య నిపుణుల క్లబ్బులో కొత్త కమిటీ ప్రమాణ స్వీకారం. హాల్లో మూడో వరసలో, కిటికీ పక్కనే అతని కుర్చీ. విజయమ్మ తూలి ఆటో మీద పడింది. వెంట వచ్చిన తోటి ఆడకూలీలు కేకలు వేశారు. అయినా అతను లేవలేదు. అతని చూపు మళ్ళీ వేదిక మీదికే పోయింది. అక్కడ అతని ఫారంలోనే పనిచేసే ఊర్మిళ మెడలో పూలదండ ఉంది.

ఆ దండ తనకు పడాల్సింది.

శామీర్‌పేట దారిలో ఉన్న విత్తనాల కంపెనీ ఫారంలో పర్వతాలు ఇరవై నాలుగేళ్ళుగా సూపర్‌వైజర్. ఈ క్లబ్బు ఓనర్లది, ఆఫీసర్లది, డీలర్లది. మట్టిలో పనిచేసేవాళ్ళు ఆ గడప తొక్కింది కుర్చీలు వేయడానికే. పంట పండించేవాళ్ళు నిపుణులు కారా అని ఫారాల వాళ్ళంతా రెండేళ్ళు కొట్లాడారు. సభ్యత్వం సాధించారు, కమిటీలో రెండు కుర్చీలు సాధించారు. ఆ రెండేళ్ళూ బండి మీద ఫారం ఫారం తిరిగి సంతకాలు పెట్టించింది పర్వతాలే.

కానీ ఆ కుర్చీలకు ఎవరిని పంపాలో తేల్చడానికి అల్వాల్‌లో అందరూ కూడి చేతులెత్తిన రోజున, ఒక కుర్చీ పంటకు పురుగుమందు కొట్టే రాజుకు పోయింది. రెండోది ఊర్మిళకు. విత్తనం కోసం పత్తి పువ్వుకు చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగ్ చేయడం ఆమెకు దగ్గరుండి నేర్పింది తనే. లేచిన చేతుల్లో తన గల్లీలో ఉంటూ ఫారంలో కూలి చేసే శారదమ్మ చెయ్యి కూడా ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగాడు.

"నాకెందుకు ఎత్తలే వదినా?"

"నువ్వు సార్ల దిక్కు నిలబడి మాతోటి మాట్లాడ్తవ్ పర్వతాలూ. ఆ పిల్ల మా దిక్కు నిలబడి సార్లతోటి మాట్లాడ్తది."

ఆనాటి నుంచి అతనికి తిన్నది ఒంటపట్టలేదు.

ఇప్పుడు గేటు దగ్గర గొడవ వినిపించగానే ఊర్మిళ ప్రమాణం మధ్యలోనే ఆపి వేదిక దిగి పరుగెత్తింది. కాపలావాణ్ణి పక్కకు తోసి, విజయమ్మను చెయ్యి పట్టుకుని హాల్లోకి తెచ్చింది.

"శారదమ్మ పడిపోయింది!" విజయమ్మ రొప్పుతూ చెప్పింది. "పొద్దుగాల పాలీహౌస్‌ల, గా ప్లాస్టిక్ పందిరి లోపల, పురుగుమందు కొట్టిన్రు. గంట గాకముందే మమ్మల్ని లోపలికి తోలిన్రు. ఆమె నోట్లకెల్లి నురుగొస్తున్నది. ఏం మందో తెలిస్తేనే సరైన విరుగుడు ఇస్తమంటున్నరు డాక్టర్లు. డ్రమ్ము మీద చూస్తే నంబరు తప్ప ఏం లేదు!"

అందరి కళ్ళూ వెంకటరత్నం వైపు తిరిగాయి. ఆ కంపెనీ ఓనరు ఆయనే, క్లబ్బు అధ్యక్షుడూ ఆయనే.

"అది ఇంకా పరీక్షలో ఉన్న మందమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "పేరు బయటికి చెప్పకూడదు. మావాళ్ళు డాక్టరుతో మాట్లాడతార్లే. ముందు కార్యక్రమం కానివ్వండి."

ఊర్మిళ మైకు లాక్కుంది. "మనిషి పానం పోతుంటే కార్యక్రమం ఏంది సార్? పేరు చెప్పుండ్రి!"

కార్యదర్శి సత్యదేవ్ మైకు ఆపేశాడు. ఆడవాళ్ళు వచ్చి వేదిక మెట్ల మీద కూర్చున్నారు. ముందు వరసల ఆఫీసర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఆ పేరు పర్వతాలుకు తెలుసు. శుక్రవారం ఆ పేరు మీద నంబరు స్టిక్కరు అంటించింది అతనే. పొద్దున వెంకటరత్నం ఫోన్ చేస్తే, మందు వాసన పోకముందే ఆడవాళ్ళను లోపలికి పంపిందీ అతనే.

వెంకటరత్నం అతన్ని సైగచేసి పక్కగదిలోకి పిలిచాడు. టేబుల్ మీద సత్యదేవ్ రాసిన కాగితం సిద్ధంగా ఉంది. ఎవరినీ అడక్కుండా ఊర్మిళే కూలీలను లోపలికి పంపిందని అందులో ఉంది.

"ఏవయ్యా పర్వతాలూ, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఆ కుర్చీలో కూర్చోవడమేంటి? సంతకం పెట్టు. ఆ కుర్చీ నీది. ఇవ్వాళే, ఇదే వేదిక మీద."

పర్వతాలు పెన్ను తీసుకున్నాడు. హాల్లో మైకు లేకుండానే ఊర్మిళ గొంతు మోగుతోంది. ఆమె ఒక్క మాట అంటే అందరూ అందుకుంటున్నారు. ఇన్నేళ్ళలో తను అన్న మాటను ఒక్కరైనా అలా అందుకున్నారా? ఒళ్ళు భగ్గుమంది. పేరులో మొదటి అక్షరం రాశాడు.

తలుపు తోసుకుని ఊర్మిళ వచ్చింది. కాగితం చూసింది, చదివింది. ఛాతీ మీది కమిటీ బ్యాడ్జి తీసి టేబుల్ మీద పెట్టింది.

"అన్నా, కుర్చీ నువ్వే తీస్కో. తప్పు నాదే అని నేనే రాసిస్త. గా పేరొక్కటి చెప్పు."

అది అతన్ని ఇంకా మండించింది. వదులుకోవడంలో కూడా ఆమెదే పైచేయి.

"నీ బిచ్చం నాకెందుకే!" అని అరిచాడు. "నువ్విస్తే తీస్కోనీకి కూసున్ననా నేను?"

"బిచ్చం కాదన్నా. శారదమ్మ పెదాలు నల్లబడ్డయంట."

అప్పుడు చూసుకున్నాడు పర్వతాలు, తానెక్కడున్నాడో. టేబుల్‌కు అవతల ఊర్మిళ ఒక్కతే నిలబడి ఉంది. ఇవతల వెంకటరత్నం, సత్యదేవ్, వాళ్ళ మధ్యలో తను. సార్ల దిక్కు అని శారదమ్మ అన్నది ఈ చోటునే.

పెన్ను కింద పడేసి హాల్లోకి నడిచాడు. వేదిక ఎక్కి, ఒక్కో అక్షరం విడమరిచి మందు పేరు చెప్పాడు. విజయమ్మ దాన్ని ఫోన్లో డాక్టరుకు అప్పజెప్పింది.

"ఆ పేరు మీద స్టిక్కర్ అంటించింది నేనే," అన్నాడు. "మిమ్మల్ని లోపలికి తోలింది నేనే, తోలుమని ఫోన్ చేసింది ఈ సారు. ఊర్మిళ మీద దొంగ కాయితానికి పెన్ను పట్టింది సుత నేనే. ఓర్వలేక పట్టిన!"

మెట్ల మీది ఆడవాళ్ళు లేచారు. రాజు గేటు మూసి అడ్డంగా నిలబడ్డాడు. "రాసియ్యి! ఏ మందు కొట్టినా పేరు చెప్పే కొడ్తనని రాసియ్యి!" అంటూ వెంకటరత్నం చుట్టూ చేరారు. ఆయన రాయలేదు, పోలీసులను పిలిచాడు.

కంపెనీ రహస్యం బయటపెట్టాడని పర్వతాలును, గొడవ చేసిందని విజయమ్మను వ్యానెక్కించారు. "మమ్మల్ని సుత ఎక్కించుకోండ్రి!" అంటూ ఆడవాళ్ళు చక్రాల ముందు కూర్చున్నారు. వాళ్ళను ఈడ్చి వ్యాను కదిలించేసరికి రోడ్డంతా ఒకటే కేక: "ఊర్మిళక్క జిందాబాద్!"

పర్వతాలు చెవులు రిక్కించాడు. తన పేరు ఎక్కడా లేదు.

"ఏందట్ల మొహం పెట్టినవ్?" అంది విజయమ్మ.

"నా పేరు ఒక్కలన్నా అంటలేరక్కా."

విజయమ్మ కన్నీళ్ళ మధ్యే నవ్వింది. "శారదమ్మను బతకనియ్యి. ఆమెతోటి అనిపిస్త."

రాత్రికి శారదమ్మ కళ్ళు తెరిచిందని పోలీసు స్టేషన్‌లో ఉన్న ఇద్దరికీ కబురొచ్చింది.

సోమవారం పొద్దున ఫారంలో ఒక్కరూ పాలీహౌస్ గడప దాటలేదు. రాజు మందు పంపు భుజానికెత్తలేదు. యాప్రాల్ అవతలి నర్సరీల్లోనూ అదే మాట: మందు పేరు చెప్పు, గోడ మీద రాసిపెట్టు, అప్పుడే లోపలికొస్తం. వెంకటరత్నం లారీలో కొత్త కూలీలను దింపాడు. విషయం విని వాళ్ళు కూడా అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నానికి అందరూ కలిసి స్టేషన్ మీదికి కదిలారు.

"బయట మస్తు మంది జమైన్రు," అన్నాడు లాకప్ దగ్గరి కానిస్టేబుల్.

"ముందల ఎవరున్నరు?" అడిగాడు పర్వతాలు.

"ఎవరో ఊర్మిళ అంట."

మళ్ళీ అదే ఓర్వలేనితనం తలెత్తింది. పర్వతాలు లేచి వచ్చి కటకటాలు పట్టుకున్నాడు. బయట ఊర్మిళ గొంతు ఖంగుమంది.

"మందు పేరు..."

జనం అందుకునే లోపే, గుండెల్లో ఉన్న బలమంతా పెట్టి పర్వతాలు అరిచాడు.

"చెప్పాల్సిందే!"