అనురాధ మేడం చేతులు

పొద్దున బడికి బయలుదేరే ముందు అనురాధ రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు వేసుకుంటుంది. సోకులకేమీ కాదు. మేడం చేతులు ఎక్కడున్నాయో పిల్లలకు తెలియాలి కదా. గాజులు లేకపోతే సుద్దముక్క దానంతటదే బోర్డు మీద తిరుగుతున్నట్టు ఉంటుంది, ఒకటో తరగతి వాళ్ళు అక్షరాలు వదిలేసి దాన్నే చూస్తూ కూర్చుంటారు.

అత్త వజ్రమ్మ గడపలో కూర్చుని, రోజూ నాడి చూసినట్టు కోడలి చెయ్యి పట్టుకుని తడిమి చూస్తుంది.

"నిన్న మణికట్టు దాంకనే మాయమై ఉండె. ఇయ్యాల గింత మీదికెక్కింది. ఏం కాయిదమొచ్చిందే నిన్న?"

"కథల పీరియడ్ తీసేసిన్రు అత్తా. దాని జాగల పరీక్షలు పెట్టుమన్నరు."

"పెట్టినవా?"

"పెట్టిన."

"గందుకే," అని వజ్రమ్మ టిఫిను డబ్బాను గాజుల కింద చెయ్యి ఉండాల్సిన చోట పెట్టింది. డబ్బా గాలిలో నిలబడి బడికి బయలుదేరింది.

గుజరాత్‌లో పాండేసర అనే చోట రంగుల మిల్లుల వెనక గల్లీలో ఉంది ఆ తెలుగు బడి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి మగ్గాలు నడిపేవాళ్ళ పిల్లలే అందులో చదువుకునేది. అక్కడ హెడ్ కుర్చీ ఒకటుంది. అందులో కూర్చున్నవాళ్ళు కొద్దికొద్దిగా కనపడకుండా పోతారు. మనసొప్పకపోయినా పైనుంచి వచ్చిన ప్రతి ఆర్డరూ అమలు చేస్తారు చూడండి, చేసినప్పుడల్లా ఒంట్లో కొంత పోతుంది. ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, హెడ్లకు ఇది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

ఆమెకు ముందు హెడ్‌గా ఉన్న నరహరి సారు రిటైరయ్యేనాటికి ఒక చొక్కా, ఒక పాంటు, కళ్ళద్దాలు మాత్రమే మిగిలాడు. సన్మానం నాడు దండ కాలరుకు వేశారు. ఇప్పటికీ పొద్దున్నే ఆ చొక్కా వచ్చి బడి ముందు టీ బండి దగ్గర నిలబడుతుంది, బండివాడు గ్లాసు అందిస్తాడు. చార్జి అప్పగించిన రోజున ఆయన అనురాధను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె సగం కుర్చీలో కుదురుకున్నాక గానీ తాను లేవలేదు. మగ్గం మనుషుల అలవాటు అది. బీము మీద పోగులు అయిపోవస్తుంటే పాత కొసలకు కొత్త కొసలు మెలేసి అతుకుతారు తప్ప, మగ్గాన్ని ఖాళీగా వదలరు. ఖాళీ మగ్గం ఇంటికి మంచిది కాదంటారు. కుర్చీ విషయంలోనూ అదే పద్ధతి పెట్టారు, ఎంత తప్పు చేశారో ఎవరికీ తోచలేదు.

అనురాధ చేతులు పోయింది చిన్న టీచరు సంతోషి పెళ్ళైన వారంలో. ఆ పెళ్ళికి తను పెట్టుకున్న గోరింటాకు అప్పుడు ఎర్రగా పండి ఉంది. పండిన చేతులు పండినట్టే పోయాయి. ఆ దిగులు మాత్రం ఆమెను వదల్లేదు.

ఈ ఏడు ఇంకో పెద్ద బెంగ వచ్చి పడింది. హాజరు పెరగకపోతే తెలుగు తరగతులు మూసేసి, పిల్లల్ని రోడ్డవతల గుజరాతీ బడిలో కలిపేస్తామని ఆర్డరు వచ్చింది. చిన్నవాళ్ళు ఎలాగో సర్దుకుంటారు. ఏడూ ఎనిమిదీ చదివే పిల్లలు ఇప్పుడు కొత్తగా గుజరాతీలో ఏం చదువుతారు? నేరుగా కార్ఖానాలో బాబిన్లు చుట్టడానికి పోతారు. ఆ సంగతి గల్లీలో అందరికీ తెలుసు.

హాజరు ఎందుకు తగ్గుతుందో కూడా అందరికీ తెలుసు. ఆ గల్లీ కార్ఖానాలకు సెలవు సోమవారం, బడికేమో ఆదివారం. సోమవారం ఒక్క పిల్ల రాదు, ఆదివారం పిల్లలంతా తాళం వేసిన బడి గేటు పట్టుకుని ఊగుతుంటారు. ఎనిమిదో తరగతి సింధూజ తండ్రి బక్కయ్యను అనురాధ అడిగి చూసింది.

"పన్నెండు గంటల డ్యూటీ మేడం. నేనింటికొచ్చేసరికి పోరి పండుకుంటది. సోమారం ఒక్కనాడే మొకం జూసుకుంటం. ఆనాడు బడికి తోలుమంటే మనసెట్లొప్పుతది, మీరే చెప్పున్రి?"

అనురాధ నాన్నా మగ్గం నడిపినవాడే. చిన్నప్పుడు సోమవారం వస్తే ఆయన భుజాలెక్కి రింగ్ రోడ్ దాకా పోయి, బజార్లో వేలాడే చీరలన్నీ చూసొచ్చేది. ఆ రోజుల్లో ఆమె కూడా సోమవారం బడికి పోలేదు.

ఆ మధ్యే హెడ్లందరికీ నాయకత్వ శిక్షణ పెట్టారు. హాలు నిండా చొక్కాలు, చీరలు, అక్కడక్కడా ఒక తల. పాఠం చెప్పడానికి వచ్చినాయన మాత్రం నిండుగా, నిగనిగలాడుతూ ఉన్నాడు. ఏ బడి కుర్చీలోనూ కూర్చున్నవాడు కాదు పాపం. "నాయకుడంటే నిర్ణయం తీసుకునేవాడు. మీ బడిలో మీరు సొంతంగా తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి," అన్నాడు. అనురాధే లేచి, సోమవారం సెలవిచ్చి ఆదివారం బడి పెట్టుకోవచ్చా అని అడిగింది.

"చాలా మంచి ఆలోచన, అనురాధాబెన్. పైకి రాయండి," అన్నాడాయన, గుజరాతీలో అక్కను పిలిచినట్టు పిలిచి.

రాసింది. జవాబు రాలేదు. తనే పై ఆఫీసుకు వెళ్ళింది. మొదటి అంతస్తులో సగం మొహం ఉన్న ఆయన, తనకు అధికారం లేదని పైకి పంపాడు. ఆపై అంతస్తులో చెవులు, కళ్ళజోడు మాత్రమే ఉన్న ఆవిడ ఓపిగ్గా అంతా విని, ఇంకా పైకి పంపింది. చివరి గదిలో ఇస్త్రీ నలగని సఫారీ సూటు ఒకటి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"మీరు చెప్పేది నిజమే బెన్," అంది సూటు. ఆ గొంతులో జాలి కూడా ఉంది. "కానీ నాకూ పైనుంచి రావాలి."

అనురాధ పైకి చూసింది. పైన కప్పు తప్ప ఏమీ లేదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఓపిక లేక బస్సెక్కి వచ్చేసింది.

బడిలో సంతోషి ఎదురుచూస్తోంది. ఆ పిల్లను అనురాధే తయారు చేసుకుంది. తల్లులతో ఎలా మాట్లాడాలో, కొట్టకుండా పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో, పప్పులో నీళ్ళెక్కువైతే వంటామెతో ఎలా గొడవ పెట్టుకోవాలో అన్నీ నేర్పింది. తన తర్వాత బడి నడవాలని ఆమె ఆశ.

"ఏమన్నరు మేడం?"

"ఏమంటరు. పైకి రాయుమన్నరు."

"మేడం, మీరే గద హెడ్డు?" అంది సంతోషి.

ఎగతాళికి అన్న మాట కాదది. నిజంగానే అడిగింది. ఆ రాత్రంతా అనురాధకు ఆ మాటే చెవుల్లో మోగింది.

ఆ ఆదివారం అనురాధ ఎవరినీ అడగకుండా బడి తెరిచింది. పిల్లలు విరగబడి వచ్చారు. బెంచీలు చాలక కింద కూర్చున్నారు. అనురాధ తీసేసిన కథల పీరియడే మొదట పెట్టింది. చెబుతూ చెబుతూ చెయ్యి ఊపితే ముందు వరుసలో ఉన్న సింధూజ అంది:

"మేడం, మీ గోరింటాకు మస్తు పండింది."

అనురాధ చూసుకుంది. పది వేళ్ళూ ఉన్నాయి. ఏళ్ళ కిందటి గోరింటాకు నిన్న పెట్టుకున్నట్టు ఎర్రగా ఉంది. ఒక్కో చెయ్యీ తిప్పి తిప్పి చూసుకుని, కళ్ళు తుడుచుకుని, కథ ఎక్కడ ఆపిందో పిల్లల్నే అడిగింది. ఆ సాయంత్రం గాజులు తీసి పెట్టెలో పెట్టేసింది. వజ్రమ్మ కోడలి రెండు చేతులూ తన చెంపలకు ఆనించుకుంది.

అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. అంత సంతోషంగా ఆ బడి ఎప్పుడూ లేదు.

కానీ హాజరు వేసేది ఫోనులో, పై ఆఫీసు ఇచ్చిన యాప్‌లో. ఆదివారం తెరిస్తే 'ఈ రోజు సెలవు' అంటుంది, ఒక్క పేరూ తీసుకోదు. సోమవారం పిల్లల మొహాలు చూపమంటుంది, చూపడానికి ఒక్క మొహమూ ఉండదు. బతిమాలితే వినడానికి అదేమన్నా మనిషా? పై ఆఫీసు గోడ మీద ఉండే పెద్ద తెరలో ఆ బడి పేరు ఎర్రబడింది. పిల్లలతో కిటకిటలాడే బడి, పైనుంచి చూసేవాళ్ళకు సోమవారం సోమవారం శూన్యంగా కనపడింది.

ఆర్డరు ఒక మధ్యాహ్నం వచ్చింది. తెలుగు తరగతులు రద్దు. అనుమతి లేకుండా బడి వేళలు మార్చినందుకు అనురాధ సాయంత్రంలోగా చార్జి సంతోషికి అప్పగించి తప్పుకోవాలి. రద్దు కాగితం మీద హెడ్ సంతకం పెట్టాలి.

"నేను పెడత మేడం," అంది సంతోషి. "మీ చేతులు ఇప్పుడే గద వచ్చినయి."

నరహరి సారు చొక్కా కూడా వార్త విని వచ్చింది. "జరుగమ్మా," అంది పద్ధతి ప్రకారం. "ఆ పిల్లను పక్కన కూచోనియ్యి. కుర్చీ ఖాళీగ ఉండద్దు."

అనురాధ సంతోషి చేతులు చూసింది. నిండుగా, గోళ్ళ సందుల్లో సుద్దతో ఉన్నాయి. తర్వాత తన చేతులు చూసుకుంది. సాయంత్రం దాకా హెడ్డు తనే. తను పెట్టకపోతే ఈ పిల్ల పెడుతుంది, మొదటి సంతకమే ఇది అయితే ఇక ఆ పిల్లకు మిగిలేదేమీ ఉండదు. అసలు తనే కదా ఈ కుర్చీ కోసం ఆమెను ఇన్నేళ్ళు తయారు చేసింది.

"సారూ, ఈ పోగు నేను అతుక," అంది అనురాధ. పెన్ను తీసుకుని రద్దు కాగితం మీద తనే సంతకం పెట్టేసింది.

గోరింటాకు వేళ్ళు మొదట పోయాయి. మోచేతులు, భుజాలు, మెడ. మొహం పోయే ముందు సంతోషి వైపు తిరిగి, "కూచోకు బిడ్డా," అంది. ఇక మిగిలిన ఆమె ఆకుపచ్చ చీర లేచి నిలబడి, కుర్చీని బోర్లా తిప్పి గోడకు ఆనించింది. నరహరి సారు చొక్కా చేతులు ఒకసారి పైకి లేచి కిందికి వాలిపోయాయి.

మరుసటి పొద్దున వజ్రమ్మ గడపలోంచి లేచి వచ్చింది. పెట్టెలో గాజులు తీసి, చీర పక్కన తడుముకుంటూ ఒక్కొక్కటే భుజాల దాకా ఎక్కించింది. ఎక్కిస్తూ ఏడ్చింది.

పెద్ద పిల్లలు ఎవరూ రాలేదు. బక్కయ్య సింధూజను ఖటోదరా కార్ఖానాలో బాబిన్ల పనికి తీసుకుపోయాడని ఎవరో చెప్పారు. వచ్చిన చిన్నవాళ్ళను సంతోషి వరుసలో నిలబెట్టి రోడ్డు దగ్గరికి తీసుకొచ్చింది. అవతల గుజరాతీ బడి గేటు తెరిచి ఉంది. లారీలు ఆగడం లేదు. ఆకుపచ్చ చీర రోడ్డు మధ్యకు నడిచి, గాజుల చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. లారీవాళ్ళు బ్రేకు వేశారు.

సంతోషి పిల్లల్ని దాటించింది. ఆఖరిదాన్ని ఒక చేత్తో పట్టుకుని వస్తూ, రోడ్డు మధ్యలో ఆగి రెండో చెయ్యి చాచి గాజుల కింద తడిమింది. చెయ్యి దొరికింది. అవతలి గట్టు చేరేదాకా వదల్లేదు.