ఎవరితో వచ్చావు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు: నాన్న, ఆయన భార్య బు యెత్తి (పెద్ద ఆడవాళ్లని మేం బు అంటాం), వాళ్ల చిన్నమ్మాయి నింగ్రుమ్, బు యెత్తి వాళ్లమ్మ, వసారాలో పంజరంలో ఒక గువ్వ. ముసలామెను నేను చూడలేదు. గుమ్మం పక్కన విడిచిన చెప్పుల్లో బాగా అరిగిన రబ్బరు జత ఒకటుంది, లోపలి గదిలోంచి దగ్గు వినపడింది, అంతే. ఆ వరస చివర నా చెప్పులు విప్పాను. మిగతావాటికి తగలకుండా కొంచెం ఎడంగా పెట్టాను.

నేను అలా ఒక్కదాన్నే రావలసిన పని లేదు. మా ఊరి ఆడవాళ్లు ఏటా బస్సు మాట్లాడుకుని దర్గాల యాత్రకి వెళ్తారు. ఈసారి సురబాయలో అంపెల్ దర్గా కూడా ఉంది. నాన్న ఉండేది సురబాయలోనే. అమ్మమ్మ నా కోసం ఒక సీటు చెప్పి ఉంచింది.

తొమ్మిదో తరగతితో మా ఊరి బడి అయిపోయింది. నాన్న తన దగ్గర ఉంచుకుంటే పై చదువు. లేకపోతే మా ఊరి అమ్మాయిలందరిలాగే నేనూ ఎవరింట్లోనో పసిపిల్లల్ని ఆడించడానికి పోవాలి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, డైరీలో తప్ప. అమ్మమ్మకి చదవడం రాదు కానీ నా మొహం వచ్చు.

యాత్రకి అందరూ ఒకే రంగు తలగుడ్డ కట్టుకోవాలని, బు మర్సినా ఇంట్లో ఆకుపచ్చ గుడ్డ కత్తిరిస్తున్నారు. బస్సు పెత్తనం ఆవిడదే.

"వెనింగ్ వాళ్ల నాన్న ఇల్లు దర్గాకి దగ్గరేనట. నమాజయ్యాక అందరం పోదాం" అంది బు మర్సినా.

"నలభై మందిమా? ఆయన పాపం ఊరు వదిలి పారిపోతాడు" అంది ఇంకొకావిడ.

"ఇదివరకే పారిపోయాడుగా, ఇంకెక్కడికి పోతాడు? టీ పెట్టక చస్తాడా."

అందరూ నవ్వారు. నేను సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను. దారం అప్పటికే ఎక్కి ఉంది.

ఇంటికొచ్చి అమ్మమ్మతో చెప్పాను, బస్సులో వెళ్లనని. నలభై మంది వెనక నిలబడితే నాన్న నాతో మాట్లాడడు, బస్సుతో మాట్లాడతాడు. గుంపుతో వెళ్తే చుట్టాన్ని. ఒక్కదాన్నే వెళ్తే కూతుర్ని. అలా అనుకున్నాను.

"రమ్మన్నాడు కదా అమ్మమ్మా" అన్నాను.

అమ్మ పోయిన వెయ్యో రోజు తంతుకి నాన్న వచ్చాడు. వెళ్లేటప్పుడు మోటారుసైకిల్ స్టార్ట్ చేసి, హెల్మెట్ లోంచి అన్నాడు, "సురబాయ వస్తే మంపిర్, వెనింగ్."

అమ్మమ్మ పులవబెట్టే సోయాగింజల టెంపే మడుస్తున్న అరిటాకు కింద పెట్టింది.

"మంపిర్ అన్నాడా, ములిహ్ అన్నాడా?"

"మంపిర్."

"పిచ్చి తల్లీ. వీధిలో కుండలవాడు పోతున్నా మంపిర్ అంటాం, కాస్త వచ్చి పొమ్మని. వాడు సరే మరోసారి అంటాడు. నిజంగా వచ్చి కూచుంటే ఇంట్లో చక్కెరుందో లేదో వెతుక్కోవాలి. కన్నబిడ్డనెవరైనా మంపిర్ అంటారా? ములిహ్ అంటారు. ఇంటికి రా అంటారు."

"నగరంలో అలాగే అంటారేమో."

"బస్సులో వెళ్లు. గుంపులో పోయినదానికి తిరిగొచ్చే సీటుంటుంది. ఒంటరిగా పోయినదానికి సీటు ఎవరు ఉంచుతారు?"

బస్సు నేను లేకుండానే వెళ్లొచ్చింది. అందరికీ ఖర్జూరాలు పంచారు. తరవాతి వారం తెల్లవారుజామున అమ్మమ్మ కర్రపెండలం దంచి, బెల్లం కలిపి, ఆకులో కట్టి ఇచ్చింది. నా బట్టలన్నీ సంచిలో పట్టేశాయి. అన్నీ ఎందుకని అమ్మమ్మ అడగలేదు.

దారిలో అందరిదీ ఒకటే ప్రశ్న. పక్క సీటు ఆవిడ, వేరుశనగలు అమ్మే ఆవిడ, కండక్టరు. "ఎవరితో వెళ్తున్నావు?"

"వెనకాల వస్తున్నారు" అన్నాను కండక్టరుతో.

"వెనకాలా? టాపు మీదా?" అన్నాడు. తరవాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "దిగేచోట చెప్తాలే, కిటికీ దగ్గర కూచో." ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. దారి పొడుగునా ఒక వాక్యం వల్లించుకున్నాను: బాపా, నేను మీ దగ్గరుండి చదువుకుంటాను.

నాన్న వసారాలో గువ్వకి గింజలు వేస్తున్నాడు. నన్ను చూసి ముందు పంజరం తలుపు వేశాడు.

"వెనింగా? ఎవరితో వచ్చావు?"

"ఒక్కదాన్నే బాపా."

ఆయన నా మీదుగా సందు చివరిదాకా చూశాడు. "బస్సు ఎక్కడ ఆపారు? బు మర్సినా వాళ్లేరి?"

"వాళ్లు పోయినవారమే వచ్చి వెళ్లిపోయారు."

"వాళ్లతో రాకపోయావా తల్లీ" అన్నాడు. అప్పుడు నా సంచి చూశాడు.

బు యెత్తి నవ్వుతూనే వచ్చింది. వసారా కుర్చీలో కూచోమంది. టీ తెచ్చింది, మూత ఉన్న గాజుగ్లాసులో. మా ఇంట్లోనూ అలాంటివి ఉన్నాయి, అల్మారాలో, బయటివాళ్లు వస్తే దించుతాం. నాన్న పక్కన బల్ల మీద పింగాణీ మగ్గు ఉంది, అంచు పెచ్చులూడింది. నాకు అలాంటిది ఒకటి ఇస్తారని అనుకున్నాను.

"స్కూలు అయిపోయింది బాపా" అన్నాను.

"మంచిది. అమ్మమ్మ సంతోషించి ఉంటుంది."

ఆ తరవాతి వాక్యం నోట్లోనే ఉంది. గువ్వ కూసింది. లోపల ముసలామె దగ్గింది.

"ఉన్నవి రెండు గదులు" అన్నాడు నాన్న, నేను అడగకుండానే, గ్లాసు మూతకేసి చూస్తూ. "అత్తయ్యకి బాగాలేదు."

"ఒంటరి ఆడపిల్ల, చీకటి పడితే కష్టం" అంది బు యెత్తి. "స్టాండులో మీ వైపు వెళ్లే గుంపు ఏదో ఒకటి ఉంటుంది. వాళ్లతో కలిసిపో. టీ తాగమ్మా."

తాగాను. తీపి ఎక్కువ. ఆకు పొట్లం ఇస్తే బు యెత్తి రెండు చేతులతో తీసుకుని, "ఎందుకమ్మా శ్రమ" అంది, ఎవరితోనైనా అన్నట్టే.

నింగ్రుమ్, నాన్న మోకాలి పక్కన చేరి, నన్నే చూస్తోంది. దాని నుదురు నా నుదురే.

"ఎవరు బాపా?"

"ఊరి నుంచి వచ్చిన అక్క" అన్నాడు నాన్న.

మసీదు మైకులో మగ్రిబ్, పొద్దుగూకే వేళ నమాజు పిలుపు మొదలైంది. ఆ వేళకి తలుపులు వేసెయ్యాలి, లేకపోతే గాలీ ధూళీ ఇంట్లో దూరుతాయి. మా ఇంట్లో అమ్మమ్మ తలుపు పట్టుకుని వాకిట్లోకి నా పేరు పెట్టి అరుస్తుంది, నేను లోపలికి వచ్చాకే గడియ వేస్తుంది.

నాన్న లేచాడు. నేనూ లేచాను. ఒక్క నిమిషం ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. చేతికి గింజల పొట్టు ఉంది. ఏదో అంటాడని ఆగాను. "జాగ్రత్తగా వెళ్లు" అని లోపలికి నడిచాడు. బు యెత్తి పంజరం దించి లోపలికి పట్టుకెళ్లింది.

నేను వంగి చెప్పులు వేసుకుంటున్నాను.

"నింగ్రుమ్, మగ్రిబ్ అయింది, తలుపు" అని బు యెత్తి లోపల్నుంచి పిలిచింది.

పాప రెండు చేతులతో తలుపు పట్టుకుంది. దానికి మర్యాద బాగా నేర్పారు.

"మళ్లీ మంపిర్, అక్కా" అని, తలుపు వేసేసింది.