అనసూర్య తొట్టిల పురుడు

తప్పు మీదే, వాడ కమిటీ పెద్దలారా! జరాలు దోమలతోని వస్తయని మైకు పట్టుకొని చెప్పింది మీరు. ఆ దోమల్ని పుట్టకముందే తినే చేపల మీద కాలిన ఇంజన్ ఆయిల్ పోయాలని తీర్మానం రాసింది గూడ మీరే. వచ్చే ఆదివారం మల్లా డబ్బా పట్టుకొని వస్తమని చాటింపు ఏపిచ్చిండ్రు. మొదటిసారి వచ్చిన నాడు అనసూర్య పెరట్ల ఏం జరిగిందో మీరు చూడలే. చూడకుండ ఎల్లిపోయిండ్రు. అందుకే చెప్తాన్న, ఇనుండ్రి.

అనసూర్య మా పక్కింటామె. పెనిమిటి వెంకటరాజం భివండిల మిల్లు పనికి పోయిండు. ఆమె ఇంట్ల మగ్గం మీద జంపఖానాలు నేస్తది. పెరట్ల ఒక సిమెంటు తొట్టి ఉన్నది. ఒకప్పుడు నూలుకు రంగులద్దెటందుకు కట్టింది. రంగుల పని బంద్ అయినంక ఖాళీగ పడి ఉండె. పోయినేడు, అంటే ఎనభైల, ఆమెకు మూడుసార్లు చలిజరం వచ్చింది. మూడోసారి దవాఖానల పడుకుంటే చూడొచ్చిన మరిది, కాజీపేట రైల్వేల పని చేసేటాయన, వారం తిరగకముందే సికింద్రాబాద్ పోయి ఐదు బంగారు చేపలు పట్టుకొచ్చిండు. నూనె డబ్బా కడిగి, దాంట్ల నీళ్లు పోసి, పాసింజర్ బండిల. చేపలకు గాలి ఆడాలని దారి పొడుగున చెంబుతోని నీళ్లు ఎత్తి పోసుకుంటనే వచ్చిండట. డబ్బాల ఉన్న నీళ్లకంటె బండిల కూసున్నోళ్ల మీద పడ్డ నీళ్లే ఎక్కువ!

"వదినా, ఇవి దోమ పురుగుల్ని తింటయి. నీకు గోలీలు తప్పుతయి" అన్నడు.

తప్పినయి! ఏడాదైంది, ఆ ఇంట్ల జరం లేదు. మగ్గం గుంతల కూసుంటే కిటికీలకెల్లి ఆమెకు తొట్టి కనబడ్తది. నాలుగు పోగులు నేసుడు, ఒకసారి అటు చూసుడు. "ఎన్ని రంగులు కలిపినా నా నూలుకు ఆ ఎరుపు రాదు యాకన్నా" అనేది నాతోని. ఆమెది అని చెప్పుకునేది ఆ ఇంట్ల అదొక్కటే. మగ్గం అత్తది, ఇల్లు మామది, నేసింది కొనేటోనిది.

ఈ శ్రావణంల వాడల మల్లా జరాలు మొదలైనయి. కమిటీ కూసున్నది. ప్రెసిడెంటు కిషన్ రావు సారు, బట్టల దుకానమాయన, నిలబడ్డ నీళ్లు ఏడ కనబడితే ఆడ ఆయిల్ పోయాలన్నడు. మోరీలల్ల పోస్తరు, గుంతలల్ల పోస్తరు, ఎవరొద్దంటరు? నేనూ చెయ్యెత్తిన. లిస్టు చదువకుండ ఎత్తిన. ఆ లిస్టుల అనసూర్య తొట్టి గూడ ఉన్నదని తెల్లారి తెలిసింది. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాన్న.

అనసూర్య సీదా దుకానానికి పోయింది. ఎంబడి నేను పోయిన.

"సారూ, నా తొట్టిల దోమలు పుట్టయి. నా చేపలు పురుగుల్ని తింటయి."

"అందరు గట్లనే అంటరమ్మా. రుజువేది?"

"ఆదివారం పొద్దుగాల మీరే పురుగులు పట్టుకొని రాండ్రి. మీ కండ్ల ముందట తినిపిస్త."

"తినకుంటే?"

"తినకుంటే ఆయిల్ పోసుకోండ్రి. నేను అడ్డం రాను."

అంత మాట ఎందుకన్నవే అని తొవ్వ పొడుగున తిట్టిన. నా మాట ఆమె ఇంటదా!

ఆదివారం వచ్చింది. పెద్దమనుషులు ఇంటికి వస్తాన్నరని ఆమె చీకటితోనే లేసి వాకిలి ఊకి, ముగ్గేసి, తొట్టిల పచ్చబడ్డ నీళ్లు సగం తీసేసి బాయి నీళ్లు పోసింది. సల్లటి కొత్త నీళ్లు. అడుగున నీళ్లు పోయే కంత కారుతాందని, మగ్గం కాడ మిగిలిన తెల్ల నూలు పోగులు ముద్దచేసి బిగిచ్చింది. వాటి కొసలు నీళ్లల్ల నాచు లెక్క ఊగుతాన్నయి. తొట్టి అద్దం లెక్క మెరుస్తాంది. ఆ కొత్త నీళ్లే కొంప ముంచినయి. కొత్త నీళ్లు తాకితే చేపలకు ఏమైతదో మాకెవరికి తెలుసు?

నలభై మంది జమైండ్రు. కమిటీ మనిషి కట్టయ్య ఒక చేత ఆయిల్ డబ్బా, ఒక చేత పురుగుల బకీటు పట్టుకొని వచ్చిండు.

"కట్టన్నా, గిన్ని పురుగులు ఏడ దొరికినయే?"

"సారు దుకానం ఎనుక డ్రమ్ముల. మస్తున్నయి, ఇంకో బకీటు తేవాల్నా?"

అందరం పక్కున నవ్వినం. కిషన్ రావు సారు మొహం గంటు పెట్టుకొని, "నవ్వుడు సాలు. పొయ్యి" అన్నడు.

కట్టయ్య సగం బకీటు తొట్టిల గుమ్మరిచ్చిండు. పురుగులు గిలగిల కొట్టుకుంట మీదికి తేలినయి. అందరం అంచు మీద వంగినం.

చేపలు చూడనైనా చూడలే! బొద్దుగున్న ఎర్రదాని ఎనుక మిగిలిన నాలుగు పడి ఉరుకుతాన్నయి. గుండ్రంగ తిరుగుతాన్నయి, గోడకు తగుల్తాన్నయి, తోకలతోని నీళ్లు చిమ్ముతాన్నయి. పురుగులు మూతి కాడికి వచ్చినా పట్టిచ్చుకోవు.

"తినుండ్రే, తినుండ్రి నా తల్లులారా" అంటాంది అనసూర్య.

"ఇయ్యాల ఒక్కపొద్దు ఉన్నట్టున్నయి అక్కా!" అన్నడు ఒకడు ఎనుకకెల్లి.

కిషన్ రావు సారు దస్తీతోని చేతులు తుడుసుకున్నడు. "రుజువైంది. కట్టయ్యా, పోసెయ్యి."

"పది నిమిషాలు ఆగుండ్రి సారూ!" అని నేను అడ్డం పోయిన.

"పది నిమిషాలకు చేపలకు పండ్లు మొలుస్తయా యాకయ్యా?"

అనసూర్య మాట ఇచ్చింది కదా, పక్కకు జరిగింది. జరిగింది కానీ కండ్లు మూసుకున్నది. కట్టయ్య డబ్బా మూత తీసిండు. ఆ వాసన గుప్పున వచ్చింది.

"ఓరి కట్టిగా! దించు డబ్బా! దించుతవా, నెత్తి మీద మొట్టాల్నా?"

మల్లవ్వ! మా వాడకు దాయి. వాడల సగం మందిని తల్లి కడుపులకెల్లి తీసిన మనిషి. తొట్టి అంచు పట్టుకొని, ముక్కు నీళ్లకు తగిలేదాక వంగి చూస్తాంది.

"గుడ్డోళ్లారా, కాన్పైతాంది గాడ!"

అందరం మల్లా వంగినం. తెల్ల నూలు పోగుల మీద సన్నసన్నటి పూసలు. సగ్గుబియ్యం ఉడికితే ఎట్ల మెరుస్తయో అట్ల, ఇంకా సన్నగ. ఎర్రది పోగుల్ని రాసుకుంట పోతాంది, పోయిన కాడల్లా పూసలు అంటుకుంటాన్నయి. ఒకటా రెండా, వందలు!

మల్లవ్వ నడుము పట్టుకొని లేసి నిలబడ్డది. "పెద్ద సారూ, నీ ముగ్గురు మనుమలను తీసింది ఈ చేతులే. ఇది ఇగ పురుటిల్లు. పదకొండు రోజులు ఈడ ఏది ముట్టొద్దు."

"చేపలకు పురుడేందవ్వా?"

"ఎందుకుండదు? అది తల్లి గాదా? అవి పిల్లలు గావా? పురుడు సంగతి నీకెరుకనా, నాకెరుకనా?"

సరిగ్గ అప్పుడే ఎర్రది తోక కొట్టింది. రెండు చుక్కలు ఎగిరొచ్చి సారు తెల్ల ధోవతి మీద పడ్డయి. ఆయన ఇంట్ల ఆ పొద్దు సత్యనారాయణ వ్రతం. ఒక అడుగు ఎనుకకేసిండు. ఇంకో అడుగేసిండు.

"కట్టయ్యా, నడువు. పదకొండు రోజులు పోయినంక వచ్చే ఆదివారం చూద్దాం."

"మరి బకీటు సార్?"

"అది గూడ మైలనే, ఉండనియ్యి!"

కమిటీ మొత్తం ఎంబడే పోయింది, తానాలు చేసెటందుకు. మైల, ముట్టు అని మనిషిని మనిషి దూరం పెట్టుడంటే నాకు ఒళ్లు మండుతది. పదేండ్లసంది దాని మీద కొట్లాడుతాన్న. ఆ పూట మాత్రం నోరు మూసుకున్న. సిగ్గుగ ఉండె. సంబురంగ గూడ ఉండె!

సంబురం ఎంతసేపు? "అయ్యో, తల్లే తింటాంది!" అని అనసూర్య కేకేసింది. నిజమే, గుడ్లు పెట్టుడు కాంగనే ఎర్రది ఎనుకకు మర్లి వాటినే ఏరుకొని తింటాంది. మిగిలినయి గూడ ఎగబడ్డయి. నూలు ముద్ద గుంజి వాకిట్ల ఉన్న నీళ్ల గోలెంల ఏద్దామని నేను చెయ్యి పెట్టిన.

"గుంజకు యాకన్నా! నీళ్లన్ని పోతయి!" అని అనసూర్య నా చెయ్యి మీద ఒక్కటేసింది.

గుడ్లను తీసుడు కాదు, చేపల్నే తియ్యాలె. పాత చీర ముక్క తెచ్చి నలుగురు ఆడోళ్లు నాలుగు కొసలు పట్టిండ్రు. "ఇటు తోలు!" "అటు, అటుపోయింది!" "నీ కాలు తియ్యి పూలమ్మా!" అందరు తడిసి ముద్దయిండ్రు. ఐదింటిని పట్టేసరికి అందరికీ ఎగపోత. దేంట్ల ఏద్దాం? గోలెం వాకిట్ల దూరం, చేతి కాడ ఉన్నది సారు ఇడిచిపోయిన బకీటే. సగం నీళ్లు, నిండ పురుగులు. దాంట్లనే ఏసినం.

చూడుండ్రి ఇగ! ఆకలి మీదున్నయి. మూతి తెరుసుడు, గుటుక్కున మింగుడు. ఎర్రది ఒక్కటే ముప్పై దాక లెక్కపెట్టిన, తర్వాత లెక్క తప్పింది. అన్నం ఉడికే లోపల పురుగుల గిలగిల ఆగి నీళ్లు నిలకడకు వచ్చినయి. అనసూర్య చేపల్ని గోలెంలకు మార్చి, ఆ బకీటు నీళ్లను తెల్ల గుడ్డల వడబోసింది. ఒక్క పురుగు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు! గుడ్డ రెండు చేతులతోని ఎత్తి పట్టుకొని పెరడంత తిరిగింది. "చూడుండ్రి! చూడుండ్రి!" అని నవ్వుతాంది. చూడాల్సినోళ్లు ఆడ లేరు.

ఆ గుడ్డ పట్టుకొని నేను కిషన్ రావు సారింటికి ఉరికిన. లోపలికెల్లే కేకేసిండు: "పురుటింట్లకెల్లి వస్తాన్నవు, గడప తొక్కకు. నేను చూడలే. చూడంది రుజువు గాదు."

తొట్టిల మిగిలిన పురుగుల్ని అనసూర్య దినాం గుడ్డతోని దేవి గోలెంల చేపలకేసింది. అవీ ఒడిసినయి. మూడో నాడు గుడ్లు పగిలినయి. కంటి వెంట్రుకంత పిల్లలు, గోడకు అంటుకొని ఏలాడుతాన్నయి. బంగారు రంగు లేదు, బూడిద రంగు. రంగు పెద్దగైతాంటే వస్తదని మరిది చెప్పిండు. ఆమె ఉడకబెట్టిన కోడిగుడ్డు సొన నీళ్లల్ల కలిపి చుక్క చుక్క ఏస్తాంది. మగ్గం సప్పుడు సగమైంది. వాడల పన్నెండిండ్లోళ్లు ఇప్పటికే వచ్చి అడిగిపోయిండ్రు, మా బాయిలకు రెండియ్యి, మా గాబుకు రెండియ్యి అని.

ఇయ్యాల పదకొండో రోజు. పురుడెల్లింది. మీకిగ మైల సాకు లేదు.

కమిటీ పెద్దలారా, నేను బతిమిలాడుతలేను. లిస్టుల ఆ తొట్టి పేరు ఇయ్యాలనే కొట్టేయుండ్రి. మోరీలల్ల పోసుకోండ్రి మీ ఆయిల్. తాగే బాయిలల్ల, తొట్లల్ల ఒక్క చుక్క పడొద్దు. పిల్లలు దసర దాక పెరుగుతయి, అప్పటిదాక ఆ పెరట్ల డబ్బా పట్టినోడు కాలు పెట్టొద్దు. పెరిగినంక ఇంటింటి బాయిల ఇడుసుటానికి తీర్మానం రాయుండ్రి, ఈసారి చదివినంకనే చెయ్యెత్తుత. నమ్మకం లేదా? రేపు పొద్దుగాల రాండ్రి. మీకు ఎన్ని పురుగులు దొరికితే అన్ని తెచ్చుకోండ్రి. గోలెం పక్కన పీటలేస్త. ఆఖరి పురుగు పోయేదాక కూసోని, చూసి, అందరి ముందట నోరు తెరిచి చెప్పుండ్రి: తింటాన్నయి అని!