కళ్ళు మూసుకో, బుడంకాయ్

వెల్డింగాయన ఇంటికీ షాపుకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. అందుకే కూతురికి ఆయన నేర్పిన మొదటి పాఠం, మెరుపు కనబడగానే కళ్ళు మూసుకోవడం. మూయకపోతే వీపు విమానం మోత మోగేది. ఆ పిల్లకిప్పుడు తొమ్మిదేళ్ళు. ఇంట్లో పిలిచేది బుడంకాయ అని. చూపు మెల్లగా తగ్గిపోతుందనీ, ముందు పోయేది చీకట్లో చూపేననీ, ఎప్పుడన్నది తన చేతిలో లేదనీ కంటి డాక్టరు మొన్ననే చెప్పాడు. ఆ సంగతి పిల్లతో అనడానికి మొగుడికీ నోరు రాలేదు, పెళ్ళానికీ రాలేదు.

ఈ చలికాలంలో చుక్కలు రాలతాయని బళ్ళో చెప్పారట. చూపించమని పిల్ల ప్రాణం తోడేసింది. చూపు పోయేలోగా ఒక్కటైనా దాని కంట పడాలని తండ్రి అంతకంటే ఎక్కువ తపించాడు. తెల్లవారుజామున దుప్పట్లో చుట్టి మేడ మీదికి ఎత్తుకెళ్ళాడు.

"నువ్వెళ్ళు. నావల్ల కాదు," అని తల్లి గోడవైపు తిరిగి పడుకుంది.

ఇద్దరూ కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చున్నారు. ఒకటి జారింది.

"చూశావా?"

"లేదు నాన్నా."

ఇంకొకటి. అదీ లేదంది. మామూలు చుక్కలైనా కనబడుతున్నాయా అని అడిగే ధైర్యం ఆయనకు లేదు. మూడోది మెరిసీ మెరవగానే ఆయన రెప్పలే టక్కున పడిపోయాయి. అప్పుడు వెలిగింది బుర్ర. ఇన్నేళ్ళు మంట ముందు బతికినవాడికే ఇలా ఉంటే, తన్ని మరీ నేర్పిన పిల్లకు ఎలా ఉంటుంది? రోగమూ లేదు, రొష్టూ లేదు, అంతా అలవాటే. పోయిన ప్రాణం లేచొచ్చి గట్టిగా నవ్వేశాడు.

"ఈసారి మెరిసినా మూయకే. ఏమీ అననులే."

"నిజంగా కొట్టవుగా?"

"కొట్టను."

ఆయన ఇక ఆకాశం చూడలేదు, పిల్ల ముఖమే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి పెద్దది వచ్చింది. మేడంతా తెల్లబడింది. నీళ్ళ ట్యాంకూ, దండెం మీది తువ్వాలూ, పిల్ల పెదవి మీది పగుళ్ళతో సహా కనబడ్డాయి. పిల్ల కళ్ళు ఇంతింత తెరిచే ఉన్నాయి. రెప్ప కదల్లేదు.

ఆయన నోట్లోంచి మూలుగు లాంటిదేదో వచ్చింది.

"వచ్చిందా నాన్నా?" అంది పిల్ల గాభరాగా. "మళ్ళీ మూసేశానా?"

"మూసేశావమ్మా," అన్నాడు. "నీ తప్పు కాదులే. నేనే అలా నేర్పాను."