దగ్గు పాఠం

మొగుడి గని బట్టలు తడిపే ముందు గోడకేసి దులపాలి. "తలుపేసుకుని దులుపు. బయటైతే దుమ్ము పక్కవాళ్ల మీద పడుతుంది" అని పెళ్లయిన మర్నాడే అత్తగారు ఆమెకి చెప్పింది. పక్కింటి కోడలూ తలుపేసుకునే దులిపేది. ఊరు వెలిగిపోతున్న రోజులవి. మూడు షిఫ్టులు, సినిమాహాలు, కంపెనీ ఆసుపత్రి, ఎప్పుడు చూసినా జనం. తర్వాత బొగ్గు అడుగంటింది. హాలు మూశారు, దుకాణాలు మూశారు, బస్సు రావడం మానేసింది. ఆమెకి మాత్రం దగ్గు మిగిలింది.

చివరికి గని కూడా మూసేశారు. బొగ్గుదుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన కార్మికుడికి పట్నంలో ఇల్లు, పెద్దాసుపత్రిలో వైద్యం ఇస్తామన్నారు. మొగుడి ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. యంత్రాల గదిలో తలుపేసుకుని కూర్చుని మీటలు నొక్కినవాడికి ఏమొస్తుంది? దుమ్మంతా వచ్చేపోయేటప్పుడు బట్టలకే పట్టేది. ఆమె దగ్గు గుర్తొచ్చి, కాంపౌండరు స్నేహితుణ్ణి పట్టుకుని ఆమెకీ తీయించాడు. ఆ ఫిల్ము నిండా మచ్చలే. అది చూసి మహానుభావుడి మొహం విప్పారింది.

"ఇది నాదని ఇచ్చేద్దాం."

"మరి నా వైద్యం?"

"నువ్వేమైనా గనిలోకి దిగావా?"

"ఇంటి పట్టున ఉండేదానికి రోగమేంటే, విడ్డూరం కాకపోతే!" అంది అత్తగారు.

ఆ రోజు నుంచి ఇంట్లో పాఠాలు మొదలయ్యాయి. కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. "ఏదీ, ఇంకోసారి దగ్గు." దగ్గేది. "ఆఖర్న ఆ కీచుమనేది ఎలా వస్తోంది? మళ్లీ దగ్గు." ఆమె గోడ పట్టుకుని ఒగరుస్తుంటే, "మొగుడికి ఆమాత్రం నేర్పలేవూ?" అని అత్తగారు విసుక్కునేది. రోగం ఆయనదైపోతే తన ఛాతీ మీద ఇక ఏ డాక్టరూ చెయ్యి వెయ్యడని ఆమెకి తెలుసు. తెలిసీ దగ్గింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

పరీక్ష రోజు కంపెనీ డాక్టరు ముందు మొగుడు స్టూలు మీద కూర్చుని దగ్గాడు. అచ్చం ఆమె దగ్గే, కీచుతో సహా. "పాపం, ఎంత కష్టపడ్డారో!" అంటూ డాక్టరు లేచి ఆయన చేతికి మంచినీళ్లిచ్చాడు. ఇన్నేళ్లలో ఆమెని ఆ మాట అన్నవాళ్లు లేరు. వెనక నిలబడి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోపల ఛాతీ మండిపోతోంది. కిక్కురుమనొద్దని మొగుడు ముందే హెచ్చరించాడు.

చెయ్యి తీసేసింది. తనివితీరా, కళ్లనీళ్లు కారేదాకా దగ్గింది. డాక్టరు ఫిల్ము వంకా ఆమె వంకా చూశాడు.

"లేవండి" అంది మొగుడితో. "అక్కడ కూర్చోవాల్సింది నేను."