నంబరు లేని డాక్టరు

"తల ఎత్తన్నా. దిండు మీద నుంచి కొంచెం పైకి లేపు, సాలు," అంది జాస్మిన్.

ఖలందర్ ప్రయత్నించాడు. నుదురు ముడిపడింది, పెదవులు బిగుసుకున్నాయి. తల మాత్రం దిండును వదల్లేదు. నీళ్లు కావాలని అడిగిన గొంతు ముక్కులోంచి వచ్చినట్టు పల్చగా ఉంది.

"నీరసమేమో మేడం. కడుపుకు తిని మూడు దినాలాయె," అంది మంచం పక్కన నిలబడ్డ అతని భార్య మెహబూబున్నీసా.

జాస్మిన్ అవుననలేదు, కాదనలేదు. నిన్న సాయంత్రం ఇదే మనిషి లేచి కూర్చుని, టీలో చక్కెర తక్కువైందని నర్సు రూపతో గొడవపడ్డాడు. ఇప్పుడు గోడ గడియారంలో ఉదయం ఏడు. ప్రొద్దుటూరులోని ఆ ఇరవై పడకల నర్సింగ్ హోంలో ఆమె డ్యూటీ ఎక్కి ఇరవై నాలుగు గంటలు దాటింది. ఇంటికి పోవలసిన వేళ.

ఖలందర్‌ది దువ్వూరు. ఇతరుల చేలల్లో పురుగుమందు కొట్టడం అతని పని. ట్యాంకుకు డెబ్బై రూపాయలు ఇస్తారు. మంగళవారం పత్తి చేలో మందు కొడుతుండగా వీపు మీది ట్యాంకు కారింది. చొక్కా తడిసింది. ఇంకో రెండు ట్యాంకులు కొట్టి దిగుదామనుకుని, గట్టు మీదే పడిపోయాడు. నోట నురుగుతో ఇక్కడికి తెచ్చారు. ఆ రాత్రంతా జాస్మిన్ పది నిమిషాలకొకసారి అతని కంటిపాప చూసి, నాడి చూసి, ఇంజెక్షను ఇస్తూ కూర్చుంది. తెల్లారేసరికి మనిషి దక్కాడు. పొద్దున డాక్టరు యోగానంద వచ్చి కేసు షీటు కింద సంతకం పెట్టాడు. యోగానంద ఆ నర్సింగ్ హోం యజమాని.

పురుగుమందు ఒంట్లోకి పోయిన మనిషి తేరుకున్నట్టే తేరుకుని, ఒక్కోసారి మూడో రోజు మెడ నిలపలేకపోతాడు. తర్వాత ఊపిరి తీసే కండరాలు ఒక్కొక్కటే పని మానేస్తాయి. అప్పుడు యంత్రం పెట్టి ఊపిరి అందించాలి. ఆ యంత్రం ఇక్కడ లేదు.

ఇదంతా జాస్మిన్‌కు తెలుసు. తెలిసినదాన్ని కాగితం మీద రాసి, కింద తన పేరు పెట్టే హక్కు మాత్రం ఆమెకు లేదు.

ఆమె కిర్గిజ్‌స్తాన్‌లో వైద్యం చదివింది. మధ్యలో కోవిడ్ వచ్చి, రెండేళ్లు జమ్మలమడుగు ఇంట్లో ఫోను ముందు కూర్చుని పాఠాలు విన్నది. మళ్లీ వెళ్లి డిగ్రీ తెచ్చుకుంది. విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ రాయవలసిన పరీక్షను మూడోసారికి గట్టెక్కింది. ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసింది. అది ముగిశాక, ఫోనులో విన్న చదువుకు బదులు మరో ఏడాది చేయాలన్నారు. అందుకు ఏదో ఒక కాలేజీలో సీటు దొరకాలి. పద్నాలుగు నెలలుగా దొరకలేదు. విజయవాడలోని మెడికల్ కౌన్సిల్ ఆఫీసుకు ఆరుసార్లు వెళ్లింది. ప్రతిసారీ ఇంకో కాగితం తక్కువైంది. ఆ ఏడాది పూర్తయితే రిజిస్ట్రేషన్ వస్తుంది, ఒక నంబరు ఇస్తారు. అప్పటిదాకా ఆమె డాక్టరు కాదు.

యోగానంద మాత్రం ఆమెను పనిలో పెట్టుకున్నాడు. నెలకు ఇరవై రెండు వేలు. వారానికి రెండు రోజులు ఆయన పులివెందులలో ఇంకో క్లినిక్కు పోతాడు. ఆ రోజుల కోసం సంతకం చేసిన చీటీలు కట్టగా వదిలి వెళ్తాడు. జాస్మిన్ వాటి మీద మందులు రాస్తుంది. అది తప్పని మొదటి నెల నిద్ర పట్టలేదు. రెండో నెల నుంచి పట్టింది. దాన్ని తలచుకుంటేనే ఆమెకు ఎక్కువ సిగ్గు.

ఆమె వరండాలోకి వచ్చి ఫోను చేసింది. యోగానంద అప్పటికే పులివెందుల దారిలో ఉన్నాడు.

"సార్, ఖలందర్ మెడ ఎత్తలేకపోతాండాడు. గొంతు కూడా మారింది. కడపకు పంపిద్దాం సార్."

"ఊపిరెట్లుంది?"

"నిమిషానికి ఇరవై నాలుగు. ఆక్సిజన్ తొంభై ఆరు."

"ఇంకేం మరి? అది నీరసం. గ్లూకోజ్ పెట్టు. మూడు గంటలకంతా వచ్చేస్తా, అప్పుడు సూద్దాం."

"అంతవరకు ఉండడేమో సార్..."

"జాస్మిన్, తొందరపడొద్దమ్మా. పంపిస్తే ఆడ అడుగుతారు, ఇన్ని దినాలు ఎవరు సూసినారని. అన్నట్టు, నీ సీటు సంగతి మెడికల్ కాలేజీలో ఉండే మా తమ్ముడు రాత్రే చెప్పినాడు. ఒకటో తేదీకి వాళ్ల కాలేజీ నుంచి లెటరు వస్తాది."

ఆ మాట కోసం ఆమె పద్నాలుగు నెలలు ఎదురుచూసింది. వచ్చింది. సంతోషం మాత్రం రాలేదు. లోపలికి వెళ్లి గ్లూకోజ్ పెట్టింది.

ఆమె గదికి పోలేదు. పోతే మాత్రం ఎవరున్నారు? బట్టల అంగడి పైన అద్దె గది. ఇంటి యజమానురాలు లక్ష్మీకాంతమ్మ మెట్ల మీద ఎదురుపడితే మోకాళ్లు చూపించి మాత్ర పేరు అడుగుతుంది, అంతే. కిర్గిజ్‌స్తాన్‌లో ఒకే కుండలో అన్నం వండుకున్న స్నేహితురాళ్లలో నంబరు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే మాట్లాడటం తగ్గించారు. రానివాళ్లు ముందే మానేశారు. జమ్మలమడుగు చర్చిలో 'మన డాక్టరు జాస్మిన్' అంటూ పాస్టరు రెండు క్రిస్మసులు ప్రార్థన చేశాడు. మూడో క్రిస్మసుకు ఆమె డ్యూటీ ఉందని చెప్పి పోలేదు. ఆ రోజు డ్యూటీ లేదు.

తొమ్మిదింటికి నాన్న శాంసన్ ఫోను చేశాడు. ఆర్టీసీ కండక్టరు. వెనకాల బస్సు హోరు.

"పాపా, ఈడ మన బస్సులో ఒకాయప్పకు కాలు వాచింది. రొంత మాట్లాడు. మా పాప డాక్టరని చెప్పినా."

"నాన్నా, నేను పనిలో ఉండా."

"రెండు నిమిషాలేలేమ్మా. అందరూ వింటాండారు."

ఆమె ఆ ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడింది. ఉప్పు తగ్గించమంది, రక్తపరీక్ష చేయించుకోమంది. నాన్న మళ్లీ ఫోను తీసుకుని, "సూసినారా?" అని బస్సులో ఎవరితోనో అంటూ పెట్టేశాడు. నువ్వు తిన్నావా అని అడగలేదు. నాన్నా, ఈడ నాకు భయమైతాంది అని ఆమె చెప్పలేదు.

ఇంకో పేషెంటు వచ్చాడు, ఇంకో చీటీ రాసింది. మధ్యమధ్య ఖలందర్ మంచం దగ్గరికి పోయి వచ్చింది. పదకొండున్నరకు అతని ఊపిరి నిమిషానికి ముప్పై ఎనిమిది, గొంతు వరకే ఆడుతోంది. ఆక్సిజన్ పెట్టినా ఎనభై ఎనిమిది దాటడం లేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అవి ఆమెనే చూస్తున్నాయి.

జాస్మిన్ ఎవరినీ అడగలేదు. 108కి ఫోను చేసింది.

అంబులెన్సు వచ్చేలోపు రూప ఫోను పట్టుకుని వచ్చింది. "మేడం, సారు."

యోగానంద గొంతులో కోపం లేదు. "పంపించు, మంచిదే. పేపరు మీద మాత్రం జాగ్రత్త. తొమ్మిదింటికి నేనే సూసినట్టు, అప్పటికి బాగుండినట్టు, పదకొండున్నరకు ఉన్నట్టుండి తిరగబడినట్టు రాయి. సంతకం పెట్టిన లెటరుహెడ్డు డ్రాయర్లో ఉంది. నువ్వు పోవద్దు, రూపను పంపు."

"దావలో ఊపిరాడకపోతే రూపకు చేతకాదు సార్."

"నీకోసమే చెప్తాండానమ్మా. నీ పేరు యాడా రాకూడదు. వస్తే సీటు కాదు, జన్మలో నంబరే రాదు."

ఆయన చెప్పింది నిజం. జాస్మిన్‌కు ఆ సంగతి ఆయనకంటే బాగా తెలుసు. ఫోను రూపకిచ్చి, డ్రాయరు తీసింది. లెటరుహెడ్డు పైనే ఉంది. దాన్ని కాసేపు చూసి డ్రాయరు మూసేసింది. కేసు షీటు మాత్రం తీసుకుని అంబులెన్సు ఎక్కింది.

మైదుకూరు దాటకముందే ఖలందర్ ఊపిరి ఆగినంత పనైంది. అంబులెన్సులోని టెక్నీషియను రహీం మాస్కు అదిమి పట్టుకున్నాడు, జాస్మిన్ గాలి పంపే రబ్బరు బ్యాగు ఒత్తింది. ఒత్తినప్పుడు ఛాతీ లేస్తోంది, వదిలినప్పుడు పడుతోంది. కడప దాకా ఆమె చూపు ఆ ఛాతీ మీది నుంచి కదల్లేదు.

"మేడం, నువ్వుండావని ధైర్యంగా ఉండా," అంది మెహబూబున్నీసా. "ఆ రాత్రి నువ్వే కదా బతికించింది. మా పెద్దమ్మికి కూడా చెప్పినా, ఆడపిల్లయినా ఆయమ్మ మాదిరి సదువుకోవల్ల అని."

జాస్మిన్ చేతులు ఒత్తుతూనే ఉన్నాయి.

కడపలోని పెద్దాసుపత్రిలో, అత్యవసర విభాగంలో డ్యూటీలో ఉన్నది డాక్టరు శరత్ చంద్ర. జాస్మిన్ వయసువాడే. ఒక్క చూపులో అర్థం చేసుకుని ఖలందర్ గొంతులోకి గొట్టం వేశాడు. వెంటిలేటరు పై అంతస్తులో గంటలో ఖాళీ అవుతుందన్నారు. అంతవరకు బ్యాగు చేత్తో ఒత్తుతూ ఉండాలి. జాస్మిన్ ఒత్తుతూనే మంగళవారం నుంచి జరిగిందంతా చెప్పింది. ఏ మందు, ఎంత, ఎప్పుడు, అన్నీ కాగితం చూడకుండానే.

"బాగా చేశారు," అన్నాడతను రాసుకుంటూ. "మెడ బలహీనత ఎప్పుడు మొదలైంది?"

పక్కనే మెహబూబున్నీసా భర్త పాదం పట్టుకుని నిలబడి ఉంది.

"పొద్దున ఏడింటికి," అంది జాస్మిన్.

పెన్ను ఆగింది. "ఏడింటికి తెలిస్తే పదకొండున్నర దాకా ఏం చేశారు?"

"ఎదురుచూసినాను."

"ఎవరి కోసం?"

"యజమాని డాక్టరు గారి కోసం. ఆయన పేరు కూడా రాసుకోండి. కానీ ఎదురుచూసింది నేను."

"మీ పేరు? రిజిస్ట్రేషన్ నంబరు?"

"జాస్మిన్. నంబరు లేదు. ఇంటర్న్‌షిప్ పూర్తి కాలేదు."

శరత్ చంద్ర తలెత్తి ఆమెను చూశాడు. గొంతు తగ్గించాడు. "ఇది పోలీసుల దాకా పోయే కేసు. మీరు చెప్పింది చెప్పినట్టు రాయాలి. రాశాక నేను కొట్టెయ్యలేను. మీ సార్ ఇచ్చిన లెటరేదైనా ఉంటే ఇవ్వండి, అదే పెడతాను."

తన వయసువాడు, తన బాధ కొంతైనా తెలిసినవాడు తప్పించుకునే దారి చూపిస్తున్నాడు. పద్నాలుగు నెలల్లో ఒక డాక్టరు ఆమెతో తోటి మనిషిగా మాట్లాడటం అదే మొదలు.

"లెటరుంది. తేలేదు," అంది జాస్మిన్. "నేను చెప్పిందే రాయండి."

అతను రాశాడు. రాసి, కాస్త ఇబ్బందిగా, "అయితే మీరింక పేషెంటును ముట్టుకోకూడదు. బ్యాగు వదిలేయండి," అన్నాడు. నర్సు కోసం చుట్టూ చూశాడు. అప్పుడే స్ట్రెచరు మీద యాక్సిడెంటు కేసులు రెండు వచ్చాయి. నర్సులు అటు పరుగెత్తారు. శరత్ చంద్ర బ్యాగును మెహబూబున్నీసా చేతిలో పెట్టి, రెండుసార్లు ఒత్తి చూపించి, తనూ అటు పోయాడు.

మెహబూబున్నీసా జాస్మిన్ వైపు తిరిగింది.

"పొద్దున్నే తెలుసునా నీకు?"

"తెలుసు."

"నన్ను పక్కనే పెట్టుకోని, నీరసమేమో అంటే ఊరుకున్నావే?"

మెహబూబున్నీసా మొహం తిప్పేసుకుంది. రెండు చేతులతో బ్యాగును గబగబా ఒత్తడం మొదలుపెట్టింది. గాలి బయటికి రాకముందే మళ్లీ ఒత్తుతోంది. జాస్మిన్ తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"అంత బిరీన వద్దక్కా. గాలి బయటికి పోనీ."

మెహబూబున్నీసా విననట్టే ఉంది. ఇంకో పదిసార్లు అలాగే ఒత్తింది. ఖలందర్ ఛాతీ పూర్తిగా దిగడం లేదు. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎట్ల?" అంది, తల తిప్పకుండానే. "చెప్పు."

"ఒత్తు," అంది జాస్మిన్.

ఛాతీ లేచింది.

"ఇడుసు. ఆగు. ఇప్పుడు... ఒత్తు."