జంపక్క ఒలిచిన గింజలు

జంపక్క కాలి వాసన నాకూ పడదు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

షుగర్ పుండు. బొటనవేలు నల్లబడి, కట్టు కింద నుంచి చీము కారుతుంది. ఏన్కూరు పక్కన మా ఊళ్లో ఏటా శ్రీరామనవమికి ముందు ఆడవాళ్లం నిర్మలాదేవి గారి వసారాలో కూర్చుని, భద్రాద్రి రాముడి తలంబ్రాలకు వడ్లు గోటితో ఒలుస్తాం. రోకలి తగలకూడదు, గింజ విరగకూడదు. గింజకొక రామనామం. ఈసారి జంపక్క వచ్చి నా పక్కన కూర్చోగానే కొంగులు ముక్కుల మీదికి వెళ్లాయి. నేను చాప ఇవతలికి లాక్కున్నాను.

"నువ్వు ఇంటి దగ్గరే ఒలుచుకో జంపక్కా. దేవుడి పని కదా, శుభ్రంగా ఉండాలి" అంది నిర్మలాదేవి, నవ్వుతూనే.

"గట్లనే అమ్మా" అని జంపక్క గోడ పట్టుకుని లేచింది. నేను లేవలేదు.

మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులు నా పక్కన కటిక నేల మీద పడుకున్నది ఆ జంపక్కే. "తింటవా, నీ వంతు గూడ నన్నే తినమంటవా?" అని తిట్టి నోట్లో ముద్ద పెట్టింది.

సిగ్గేసి మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. కట్టు మార్చాను. మూడు రోజులు ఇద్దరం ఒలిచాం.

"సోమవారం ఖమ్మం దవాఖానాల మోకాలి దాకా తీసేస్తరంట నాగక్కా" అంది. "పోతే పోనీ. రాముడి పెండ్లికి నేనెట్లాగూ నడిచిపోలేను. నా గింజలన్న పోవాలె."

ఆమె గింజలు ఇంటికి తెచ్చి వాసన చూశాను. బియ్యం వాసనే. అయినా నావాటిలో కలపలేదు. వేరే కవర్లో కట్టాను.

ఆదివారం వసారాలో అందరి ముందు నిర్మలాదేవి నా గింజలను కళ్లకద్దుకుని, భద్రాద్రికి పోయే గోనెలో పోసింది.

"ఆ కవరు ఎవరిది?"

"జంపక్కది."

రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తింది. "అయ్యో పాపం! ఆమె కోసం అందరం పారాయణ చేద్దాం, పుస్తకం మీరే చదవండి నాగక్కా. ఇవి మాత్రం కోళ్లకు వేయిద్దాంలే."

అందరూ తలలూపారు. చీము తుడిచినప్పుడు కూడా నాకంత వెలపరం రాలేదు. వాళ్ల తలల్లో మల్లెపూల వాసన, చేతుల పసుపు వాసన నాకు పడలేదు. ఎవరినని ఏమనను? ఆ కవరు విడిగా కట్టింది నేనే.

లాక్కుని ముడి విప్పాను. గోనెలో గుమ్మరించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపాను.

"అయ్యయ్యో, ఏం చేశారు నాగక్కా!"

"ఏరుకోండి తల్లీ. వాసనొచ్చేటియి ఆమెవి. రానియి మనవి."

ఎవరూ వంగలేదు. ఇరవై మంది ఒలిచిన గింజలు కోళ్లకు వేయలేరు కదా. కాసేపటికి నిర్మలాదేవే మొహం తిప్పుకుని గోనె మూతి కుట్టింది.

సోమవారం కిరాయి ఆటోలో జంపక్క నా ఒళ్లో కాలు చాపుకుంది.

"పోయినయా అక్కా?"

"పోయినయ్. నాయి నీయి కలిసే పోయినయ్."

"ఇగ ఫికర్ లేదు" అని కళ్లు మూసుకుంది.

కట్టు తడిసి నా చీరకు అంటింది. వాంతి వచ్చేంత వాసన. కొంగు ముక్కుకు పెట్టుకోలేదు. ఖమ్మం దాకా ఆ కాలు అలాగే పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి అది ఉండదు.